జర్మనీ గిమ్నాజియంలో రెండో విదేశీ భాష: ఫ్రెంచా, లాటినా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటున్నారు. మీ అమ్మాయి గిమ్నాజియంలో, అంటే విశ్వవిద్యాలయ చదువుకు దారితీసే బడిలో, ఆరో తరగతి చదువుతోంది. ఏడో తరగతిలో మొదలయ్యే రెండో విదేశీ భాషగా ఫ్రెంచి కావాలో లాటిన్ కావాలో రాసి ఇవ్వమని బడి నుంచి కాగితం వచ్చింది. అమ్మాయి ఏడేళ్ల వయసులో జర్మనీకి వచ్చింది. లెక్కల్లో చురుకు, జర్మన్‌లో మూడో గ్రేడు (ఇక్కడ ఒకటి అన్నిటికన్నా మేలు, ఆరు అన్నిటికన్నా తక్కువ), పదిమందిలో నోరు విప్పడానికి జంకు. డాక్టరు కావాలని ఆమె కోరిక. మూడు నాలుగేళ్లలో మీరు హైదరాబాదుకు తిరిగి వెళ్లే అవకాశమూ ఉంది. మెడిసిన్‌కు లాటిన్ తప్పనిసరి అని ఒకరు, లాటిన్ అంటే మన ఇంటర్‌లో సంస్కృతం లాంటిదే, మార్కులు పడతాయి అని ఇంకొకరు చెప్పడంతో మీరు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు.

సూటిగా చెప్పాలంటే, మీ పరిస్థితిలో నేనైతే ఫ్రెంచి అని రాసి ఇస్తాను. తిరిగి వెళ్లే అవకాశం ఉండడమే అందుకు ప్రధాన కారణం. అబిటూర్ దాకా, అంటే గిమ్నాజియం చివరి పరీక్ష దాకా, జర్మనీలోనే ఉంటారని ఖాయమైతే మాత్రం, ఇదే అమ్మాయికి లాటిన్ వైపు మొగ్గేదాన్ని.

ఫ్రెంచి పంతులమ్మ ఫ్రెంచి కాక ఇంకేం చెబుతుందని మీకు అనుమానం రావచ్చు గనుక నా సంగతి కొంచెం చెప్పాలి. నేను హైదరాబాదులోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఫ్రెంచి ఎం.ఏ. చదివి, ఆ తరువాత మీ డ్యూసెల్‌డార్ఫ్ ఉన్న నార్డ్‌రైన్-వెస్ట్‌ఫాలెన్ రాష్ట్రంలోనే ఉపాధ్యాయ శిక్షణలో చేరాను. గిమ్నాజియంలో ఫ్రెంచి చెప్పాలన్నా లాటినుం అనే, లాటిన్ తగినంత వచ్చునని తెలిపే అర్హత ఉండాలనే నియమం అప్పట్లో ఈ రాష్ట్రంలో ఉండేది. 2016లో ఆధునిక భాషలవాళ్లకు దాన్ని తీసేశారు గానీ, నేను చేరింది అంతకు ముందు. అందువల్ల పెళ్లయి, సంసారం మొదలుపెట్టాక కూర్చుని లాటిన్ నేర్చుకున్నాను. బడిలో ఫ్రెంచి చెబుతాను. సాయంత్రాలు ఇంటికి వచ్చే పిల్లలకు, వారిలో ఎక్కువమంది మన తెలుగువాళ్ల పిల్లలే, రెండు భాషలూ చెబుతాను.

ఇక మెడిసిన్ సంగతి. మన కుటుంబాలలో లాటిన్ ఎంచుకోవడానికి నేను విన్న కారణాలలో అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్నదీ, అన్నిటికన్నా బలహీనమైనదీ ఇదే. జర్మనీలో వైద్యవిద్యలో చేరడానికి లాటినుం అక్కర లేదు. చేరిన తరువాత మొదట్లోనే వైద్య పరిభాష మీద ఒక చిన్న కోర్సు ఉంటుంది. శరీరభాగాల పేర్లు, వ్యాధుల పేర్లలోని లాటిన్, గ్రీకు ముక్కలు అక్కడ నేర్పుతారు. బడిలో ఫ్రెంచి చదివినవాళ్లు, స్పానిష్ చదివినవాళ్లు అందరూ దాన్ని దాటుకుని వెళుతూనే ఉన్నారు. న్యాయశాస్త్రానికి కూడా అది ప్రవేశ నియమం కాదు. క్రైస్తవ మతశాస్త్రం, ప్రాచీన భాషలు, పురావస్తుశాస్త్రంలోని కొన్ని శాఖలు, కొన్ని విశ్వవిద్యాలయాలలో చరిత్ర, ఇలాంటి చదువులకు లాటినుం నిజంగా అడుగుతారు. మీ అమ్మాయి మనసు అటు మళ్లితే అప్పుడు చూసుకోవచ్చు. విశ్వవిద్యాలయాలలోనే లాటినుం కోర్సులు ఉంటాయి. నేను ఆ దారిలోనే వచ్చాను. కష్టమే కానీ మూసుకుపోయిన దారి కాదు.

మెడిసిన్ సీటును నిర్ణయించేది అబిటూర్ సగటు, దానితోపాటు వైద్యవిద్య ప్రవేశానికి రాసే ప్రత్యేక పరీక్ష. కాబట్టి డాక్టరు కావాలనుకునే పిల్లకు ఏ భాష మంచిదని అడిగితే, ఏ భాషలో ఆమెకు మెరుగైన గ్రేడు వస్తుందో, ఏ భాష మిగతా చదువును తినేయకుండా ఉంటుందో అదే మంచిది. ఈ రాష్ట్రంలో విజ్ఞానశాస్త్రాల వైపు మొగ్గే విద్యార్థి ఇంగ్లీషును కొనసాగిస్తూ, రెండు విజ్ఞానశాస్త్రాలు తీసుకుని, రెండో విదేశీ భాషను పదో తరగతితో వదిలేయవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది: ఏడో తరగతిలో మొదలుపెట్టిన లాటిన్‌కు లాటినుం సాధారణంగా పదకొండో తరగతి చివరన, కనీసం నాలుగో గ్రేడు ఉంటేనే ఇస్తారు. పదో తరగతితో వదిలేసిన పిల్లలకు నాలుగేళ్ల శ్రమ మిగులుతుంది గానీ ఆ పత్రం చేతికి రాదు. ఈ సంగతి ఎంపిక చేసే రోజున తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు.

ఇంటర్ సంస్కృతంతో పోలిక గురించి కూడా మాట్లాడాలి. ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నవాళ్లలో చాలామంది ఏం చేశారో మనందరికీ తెలుసు: ప్రశ్నల సరళి ముందే తెలుస్తుంది, జవాబులు కంఠస్థం చేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు, ఆ తరువాత శ్లోకం కనిపించినా గుర్తుపట్టరు. జర్మన్ బడిలో లాటిన్ పరీక్ష అలా ఉండదు. పిల్లలు అంతకుముందు చూడని ఒక లాటిన్ భాగాన్ని ఇచ్చి జర్మన్‌లోకి అనువదించమంటారు. ఎక్కువ మార్కులు అనువాదానివే. వ్యాకరణం, రోమను చరిత్ర, సంస్కృతి మీద ప్రశ్నలు దానికి తోడుగా ఉంటాయి. బట్టీ పట్టిన అనువాదం అక్కడ పనికిరాదు. పైగా రెండో విదేశీ భాష ఇక్కడ జర్మన్, గణితం, ఇంగ్లీషులతో సమానమైన ప్రధాన పాఠ్యాంశం. అందులో అయిదో గ్రేడు వస్తే పై తరగతికి పంపే లెక్కలో అది చిన్న విషయం కాదు.

అయితే లాటిన్‌లో కూడా బట్టీకి చోటు ఉంది, అది వేరే చోట. పదాలు, విభక్తి రూపాలు, క్రియారూపాలు నోటికి రావాలి. ఆరు విభక్తులు, అయిదు నామవర్గాలు, ఒక్కొక్క దానికి ఏకవచనం, బహువచనం. ఇది విని జర్మన్ పిల్లలు బెదిరినంతగా మన పిల్లలు బెదరనక్కర లేదన్నది నా అనుభవం. "రాముడు రావణుణ్ణి చంపాడు" అన్న వాక్యంలో మాటలు అటూ ఇటూ మార్చినా చంపింది ఎవరో చచ్చింది ఎవరో మనకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ పని విభక్తి చేస్తోంది. లాటిన్‌లోనూ అంతే. క్రియ తరచుగా వాక్యం చివర వస్తుంది, కర్తను విడిగా చెప్పకపోయినా క్రియ చివరి అక్షరాలను బట్టి ఎవరో తెలిసిపోతుంది. ఇంట్లో తెలుగు బాగా మాట్లాడే పిల్లలకు ఈ అమరిక వింతగా తోచదు. ఒకసారి తెలుగు వాక్యం పక్కన పెట్టి చూపిస్తే చటుక్కున పట్టుకుంటారు. లెక్కలు ఇష్టపడే పిల్లలకైతే లాటిన్ వాక్యాన్ని విడగొట్టడం సరదాగా ఉంటుంది. క్రియను పట్టుకో, దానికి కర్తను వెతుకు, మిగిలినవాటిని విభక్తిని బట్టి సర్దు. మీ అమ్మాయి ఈ పనిలో రాణిస్తుందనే నా నమ్మకం. పది మంది ముందు గట్టిగా మాట్లాడే అవసరం కూడా లాటిన్ తరగతిలో తక్కువ. పాఠం నడిచేదే జర్మన్‌లో.

ఆ చివరి మాటలోనే చిక్కూ ఉంది, లాభమూ ఉంది. లాటిన్ పరీక్షలో మీ అమ్మాయి రాసేది జర్మన్. వాక్యం అర్థమయినా దాన్ని సరైన జర్మన్‌లో పెట్టలేకపోతే మార్కులు పోతాయి. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఇలాంటి ఇబ్బందినే పడ్డాడు. తండ్రి మెడిసిన్ ఆశతో లాటిన్ ఇప్పించారు. మొదటి ఏడాది పాఠ్యపుస్తకంలోని చిన్న వాక్యాలతో గ్రేడులు హాయిగా వచ్చాయి. సీజర్ లాంటి అసలు రచయితల దగ్గరికి వచ్చేసరికి అయిదారు పంక్తుల పొడవు వాక్యాలు ఎదురయ్యాయి. లాటిన్ వ్యాకరణం వాడికి వచ్చు, జర్మన్ ఉపవాక్యాలు కట్టడం రాదు. మేము లాటిన్ పక్కన పెట్టి కొన్ని నెలలు జర్మన్ వాక్యనిర్మాణం మీదే పని చేస్తే గానీ గాడిన పడలేదు. ఆ తరువాత వాడి జర్మన్ గ్రేడు కూడా పెరిగింది.

అలా పెరగడం కాకతాళీయం కాదు. బెర్లిన్‌లోని హుంబోల్ట్ విశ్వవిద్యాలయంలో లాటిన్ బోధనాశాస్త్ర ఆచార్యుడైన ష్టెఫాన్ కిప్ఫ్ బృందం, వలస కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉండే నాయ్‌కోల్న్ ప్రాంతంలోని గిమ్నాజియంలో ఇదే విషయాన్ని పరిశీలించింది. ఇంట్లో జర్మన్ మాట్లాడని పిల్లలకు లాటిన్ తరగతి జర్మన్ మెరుగుపరచుకునే చోటుగా ఉపయోగపడుతుందని వాళ్లు చెబుతారు. తరగతిలో ప్రతి వాక్యాన్ని నిదానంగా, ఇలా అనాలా అలా అనాలా అని తూచి చూస్తారు కదా. అంత తీరిక జర్మన్ తరగతిలో దొరకదు. మీ అమ్మాయికి జర్మన్‌లో మూడో గ్రేడు అంటే లాటిన్‌కు సరిపోని స్థాయి ఏమీ కాదు, అది మధ్యస్థం. ఏడేళ్లకు వచ్చిన పిల్ల గిమ్నాజియంలో మూడు తెచ్చుకుంటోందంటే నిజానికి మెచ్చుకోవాలి.

అయితే లాటిన్ గురించి పెద్దలు చెప్పే మాటలన్నీ నమ్మకండి. బుర్ర పదునెక్కుతుంది, తర్కం పెరుగుతుంది, మిగతా ఐరోపా భాషలన్నీ సులువవుతాయి అంటారు. లుడ్విగ్ హాగ్, ఎల్స్‌బెట్ ష్టెర్న్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, బడిలో లాటిన్ చదివినవాళ్లూ ఫ్రెంచి చదివినవాళ్లూ స్పానిష్ నేర్చుకుంటే ఎవరు మెరుగ్గా చేస్తారో చూశారు. ఫ్రెంచి చదివినవాళ్లే మెరుగ్గా చేశారు. ఒక భాషకు దగ్గరి చుట్టమైన జీవభాష తెలిసి ఉండడం, వాటి పూర్వీకురాలు తెలిసి ఉండడం కన్నా ఎక్కువ పనికొచ్చింది. లాటిన్‌ను లాటిన్ కోసం, రోమను ప్రపంచం కోసం, వాక్యాన్ని విప్పి చూసే ఆనందం కోసం చదవాలి. తర్కం కోసమైతే మీ అమ్మాయికి లెక్కలు ఉండనే ఉన్నాయి.

ఇక ఫ్రెంచి. ఇందులో కష్టం మొదట్లోనే ఎదురవుతుంది. రాసినదానికీ పలికినదానికీ పొత్తు కుదరడానికి ఏడాది పడుతుంది. చివరి అక్షరాలు పలకరు గానీ రాయకపోతే తప్పు. ముక్కుతో పలికే అచ్చులు, పుంలింగ స్త్రీలింగాలు, క్రియల అక్రమ రూపాలు, వీటితో మొదటి రెండేళ్లలో పిల్లలు విసిగిపోతారు. రాతలో అక్షరాలు తారుమారు చేసే ఇబ్బంది ఉన్న పిల్లలకు నేను ఫ్రెంచి సిఫారసు చేయను. రాసినట్టే పలికే లాటిన్ వాళ్లకు చాలా నయం. మూడో ఏడాదికి వచ్చేసరికి కథ మారుతుంది. అప్పటికి పిల్లలు తమ గురించి, ఇంటి గురించి, నిన్న జరిగినదాని గురించి మాట్లాడగలుగుతారు. తరగతిలో సగభాగం లాటిన్ పట్టుకుని కిందా మీదా పడుతుంటే ఫ్రెంచి వాళ్లు స్ట్రాస్‌బూర్‌కో పారిస్‌కో వెళ్లి రొట్టె కొనుక్కుని వస్తారు, ఆ గర్వం వాళ్లను ఇంకో ఏడాది చదివిస్తుంది.

నోరు విప్పని పిల్ల అన్నారు. దీనికి ఎక్కువ భయపడకండి, అలాగని కొట్టిపారేయకండి. ఫ్రెంచిలో తరగతిలో మాట్లాడటం గ్రేడులో భాగం. ఏడాదిలో ఒక రాతపరీక్షకు బదులు మాట్లాడే పరీక్ష పెట్టవచ్చు. నా తరగతిలో ఇలాంటి ఒక అమ్మాయి ఏడాదిన్నర పాటు అడిగితే తప్ప నోరు తెరవలేదు. కానీ మాట్లాడే పరీక్షలో ఇద్దరిద్దరుగా, ముందుగా ఇచ్చిన అంశం మీద మాట్లాడమంటారు కాబట్టి ఇంట్లో సాధన చేసి వచ్చి నెగ్గుకొచ్చింది. మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మీ అమ్మాయి ఇంగ్లీషు తరగతిలో ఎలా ఉంది? అక్కడ కూడా ఆమె మౌనం గ్రేడును కిందికి లాగుతోందా? లాగుతుంటే ఫ్రెంచిలోనూ అదే జరుగుతుంది, నా సలహా కొంత బలహీనపడుతుంది. ఇంగ్లీషులో బాగానే ఉండి, జర్మన్‌లో మాత్రమే జంకుతుంటే, ఆ జంకు భాష వల్ల వచ్చింది, స్వభావం వల్ల కాదు. ఫ్రెంచిలో అందరూ సున్నా నుంచి మొదలుపెడతారు. జర్మన్ పిల్లలకు అక్కడ ముందంజ ఉండదు. మన పిల్లలు కొందరు ఆ ఒక్క కారణంతోనే వికసించడం చూశాను.

ఇప్పుడు నా మొగ్గును తేల్చిన విషయానికి వస్తాను: మీరు వెళ్లిపోతే ఏ భాష మీ వెంట వస్తుంది? మూడేళ్ల లాటిన్‌తో తొమ్మిదో తరగతి తరువాత హైదరాబాదులో దిగితే, అక్కడి పాఠశాలలో దానికి చోటు ఉండదు; లాటినుం కూడా చేతిలో ఉండదు. ఫ్రెంచి అయితే సీబీఎస్‌ఈ పాఠ్యాంశాలలో ఉంది, హైదరాబాదులో చాలా ప్రైవేటు పాఠశాలలు చెబుతున్నాయి, ఇంటర్‌లో ద్వితీయ భాషగా కూడా తీసుకోవచ్చు. నాకు తెలిసిన ఒక కుటుంబం ఎనిమిదో తరగతి తరువాత తిరిగి వెళ్లింది. ఆ అబ్బాయికి అక్కడ హిందీ బెడద పెద్దదయ్యింది, తెలుగు రాత బెడద ఇంకా పెద్దదయ్యింది, ఫ్రెంచి ఒక్కటే తలనొప్పి లేకుండా సాగింది. పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ తెలంగాణ 2018లో చట్టం చేసింది గనుక, తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవారు లాటినా ఫ్రెంచా అన్న చర్చతోపాటు ఇంట్లో తెలుగు చదవడం, రాయడం కూడా మొదలుపెట్టాలి. ఇది ప్రశ్నకు కొంచెం పక్కనున్న మాటే కానీ చెప్పకుండా ఉండలేను.

హైదరాబాదు కాకుండా కెనడా వైపు వెళ్లినా లెక్క ఇదే. అక్కడి శాశ్వత నివాస దరఖాస్తులలో ఫ్రెంచి వచ్చినవారికి అదనపు పాయింట్లు ఇస్తారు. 2023 నుంచి ఫ్రెంచి వచ్చినవారిని ప్రత్యేకంగా ఎంపిక చేసే విడతలు కూడా నడుపుతున్నారు. పన్నెండేళ్ల పిల్ల చదువును వీసా పాయింట్లతో తూచడం నాకు నచ్చదు, కానీ మన కుటుంబాలు ఈ మాట అడుగుతాయి కాబట్టి చెబుతున్నాను. మధ్యలో మానేసినా ఫ్రెంచికి చేతిలో ఏదో ఒక పత్రం ఉండేలా చూసుకోవచ్చు. ఫ్రెంచి ఎంత వచ్చో తేల్చే డెల్ఫ్ పరీక్షలు స్థాయిల వారీగా ఉంటాయి, చాలా గిమ్నాజియంలు పిల్లలను వాటికి తయారు చేస్తాయి. మూడేళ్లు శ్రద్ధగా చదివినవాళ్లు వాటిలో ఏ2 అనే ప్రాథమిక స్థాయి పరీక్ష రాసి, ఏ దేశం వెళ్లినా చూపించుకోవచ్చు. ఇక్కడే ఉండిపోతే, 1963 నాటి జర్మనీ-ఫ్రాన్సు ఒప్పందం వల్ల ఏర్పడిన యువజన సంస్థ నడిపే మార్పిడి పథకాలు ఉన్నాయి. బ్రిజిట్ సోజే పథకంలో రెండు మూడు నెలలు, వోల్తేర్ పథకంలో ఆరు నెలలు ఫ్రెంచి కుటుంబంతో ఉండి అక్కడి బడిలో చదువుకుంటారు. వాళ్ల పిల్లను తిరిగి అంతకాలం మీ ఇంట్లో ఉంచుకోవాలి. మన ఇళ్లలో దీనికి మొదట తటపటాయిస్తారు, శాకాహారం సంగతి, ఆడపిల్లను పంపడం సంగతి మాట్లాడతారు. వెళ్లి వచ్చిన పిల్లలను చూశాక ఆ మాటలు తగ్గుతాయి.

స్నేహితులు ఫ్రెంచి తీసుకుంటున్నారని అమ్మాయి కూడా అదే అంటోందని రాశారు. దాన్ని కారణంగా లెక్కవేయకండి. చేరేవాళ్లు ఎక్కువైతే ఒకే భాషకు రెండు మూడు బృందాలు చేస్తారు. స్నేహితురాలు పక్క బృందంలో పడవచ్చు.

ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు బడిలో కొన్ని విషయాలు కనుక్కోండి. మీ బడి రెండు భాషలకూ నమూనా పాఠాలు పెడుతుంటే అమ్మాయిని రెండింటికీ పంపండి, ఇంటికి వచ్చాక ఏది నచ్చిందని కాకుండా ఏ పాఠంలో సమయం త్వరగా గడిచిందని అడగండి. ఒకసారి చేరాక భాష మార్చుకోవడానికి ఎంతకాలం వీలుంటుందో అడగండి. మొదటి కొద్ది వారాలు దాటితే సాధారణంగా ఒప్పుకోరు, ఒప్పుకున్నా తప్పిన పాఠాలు పిల్లే పూడ్చుకోవాలి. డెల్ఫ్‌కు తయారు చేస్తారా, ఫ్రాన్సులో జంట పాఠశాల ఉందా అని కూడా అడగండి. ఇవి రెండూ లేని బడిలో ఫ్రెంచికి నేను చెప్పిన లాభాలలో కొన్ని తగ్గుతాయి.

ఏ భాష తీసుకున్నా ఇంట్లో మీరు చేయగలిగిన పని ఒకటే: ప్రతిరోజూ పావుగంట పదాలు అప్పజెప్పించుకోవడం. దీనికి మీకు ఆ భాష రానక్కర లేదు. లాటిన్‌లో ఇది ఇంకా సులువు, పుస్తకంలో ఉన్నట్టే పలుకుతారు గనుక తప్పు మీకే తెలిసిపోతుంది. ఫ్రెంచికి పుస్తకంతో వచ్చే శబ్ద పాఠాలు వినిపిస్తూ చదివించండి. మీ ఉచ్చారణతో మాత్రం నేర్పకండి, దాన్ని వదిలించడానికి మాకు ఏడాది పడుతుంది. రెండు వారాలు పదాలు వదిలేస్తే ఏ భాషలోనైనా కోలుకోవడం కష్టం. అయితే లాటిన్‌లో ఆ లోటు ఎనిమిది, తొమ్మిది తరగతుల దాకా పైకి కనిపించదు, అప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. ఫ్రెంచిలో తరువాతి పరీక్షలోనే కనిపిస్తుంది.

ఒకవేళ మీ ప్రయాణం ఆగిపోయి ఇక్కడే ఉండిపోతే, లాటిన్ తలుపు పూర్తిగా మూసుకోదు. కొన్ని గిమ్నాజియంలు తొమ్మిదో తరగతిలో ఐచ్ఛికంగా మూడో భాషను, పదకొండో తరగతిలో కొత్తగా మొదలుపెట్టే భాషను ఇస్తాయి. వాటిలో లాటిన్ ఉందో లేదో మీ బడిలో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. అప్పటికి అమ్మాయి జర్మన్ కూడా ఇప్పటికన్నా గట్టిపడి ఉంటుంది.